మొదటి బొంతకే అమ్మమ్మ చీరలు కత్తిరించొచ్చా?

కొత్తసూది (హైదరాబాద్)

అందరికీ నమస్కారమండీ. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. మా అమ్మమ్మ కిందటేడు కాలం చేసింది. ఆవిడ కట్టిన నూలుచీరలు పదకొండు మా బీరువాలో ఉన్నాయి. ఎక్కువగా వెంకటగిరివి, రెండు మూడు చీరాల నేతవి. వీటిని ఐదంగుళాల చదరాలుగా కోసి, డబుల్ కాట్‌కి సరిపోయే క్విల్ట్ ఒకటి సంక్రాంతికల్లా కుట్టి అమ్మకి ఇవ్వాలని నా ఆశ. వీడియోల్లో చూస్తే ముక్కా ముక్కా కలుపుకుంటూ పోవడమే కదా, పెద్ద కష్టంగా ఏమీ అనిపించలేదు.

నాకు ఇప్పటిదాకా వచ్చింది దిండు గలీబులు, చీర ఫాల్స్, పాపకి ఒక గౌను (చంకల దగ్గర చెడింది). మోటారు పెట్టిన ఉషా మిషన్ ఉంది. అమ్మకి చెప్తే "మా అమ్మ చీరలకి కత్తెర పెడతావా" అని రెండ్రోజులు ముభావంగా ఉంది. మొదటిసారికి ఇది సరేనా? కాదంటే దేనితో మొదలుపెట్టాలో చెప్పండి.

లెక్కలమాస్టారు (ఏలూరు)

అమ్మా, నేను కుట్టను. మా ఆవిడ కుడుతుంది, గీతలు గీసి కోసిపెట్టడం నా వంతు. కాబట్టి లెక్క వరకే చెప్తాను. డబుల్ కాట్ అంటే 90 x 100 అంగుళాలు అనుకుందాం. ఐదంగుళాల చదరంలో అన్ని వైపులా పావు అంగుళం కుట్టులోకి పోతే పైకి మిగిలేది నాలుగున్నర. అడ్డం 20, నిలువు 22, మొత్తం 440 ముక్కలు. వరసకి 19 కుట్ల చొప్పున 22 వరసలకి 418 కుట్లు. ఆ తర్వాత వరసల్ని ఒకదానికొకటి కలపడానికి 90 అంగుళాల పొడుగు కుట్లు ఇంకో 21.

అసలు చిక్కు వేరే ఉంది. పావు అంగుళం వేయాల్సిన కుట్టు అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పడిందనుకో, అది రెండు ముక్కల్లోనూ తింటుంది, అంటే కుట్టుకి ఎనిమిదో వంతు పోయినట్టు. 19 కుట్లకి రెండంగుళాల పైచిలుకు. ఒక వరసలో అలా పోయి, పక్క వరసలో పోకపోతే ఆ రెండూ జన్మలో కలవవు. నిన్ను భయపెట్టాలని కాదు. మా బీరువా మీద రెండేళ్ళుగా ఒక మూట ఉంది, అందులో 300 చదరాలున్నాయి, విప్పే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

ఉప్పల్‌ఉమ్మెత్త

మాస్టారూ 😂 ఆ మూటలు అందరిళ్ళలోనూ ఉన్నాయండీ, ఎవరూ బయటికి చెప్పరు అంతే.

ఫ్రిస్కోపిన్ని (టెక్సస్)

కొత్తసూదీ, పెద్దది వద్దమ్మా. తొమ్మిది చదరాల కుషన్ కవర్‌తో మొదలుపెట్టు. నేను పదేళ్ళ కింద ఇక్కడి కమ్యూనిటీ సెంటర్లో నేర్చుకున్నప్పుడు మాకూ అదే ఇచ్చారు. ఐదున్నర అంగుళాల చదరాలు తొమ్మిది, మూడు వరసలు. ఆరు చిన్న కుట్లు, రెండు పెద్ద కుట్లు, అయిపోయింది. పదిహేనున్నర అంగుళాల పలక వస్తుంది, అంచులు కుట్టాక పదిహేను. అందులో పదహారు అంగుళాల కుషన్ దూరిస్తే నిండుగా ఉంటుంది. కొలవడం, కోయడం, పావు అంగుళం కుట్టు, ఇస్త్రీ, మూలలు కలపడం, మధ్యలో దూది పొర పెట్టి కుట్టడం, నీకు కావాల్సిన పని మొత్తం అందులో ఉంది. చెడిపోతే పోయేది అర మీటరు గుడ్డ, ఒక ఆదివారం.

చదరాలు కలిపేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకో. ఒకటో వరస, మూడో వరస కుట్ల మడతలు కుడివైపుకి ఇస్త్రీ చేస్తే, రెండో వరసవి ఎడమవైపుకి చెయ్యి. అప్పుడు వరసలు కలిపేటప్పుడు మడతలు ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, వేలితో తడిమితే తెలుస్తుంది. అక్కడో గుండుసూది గుచ్చెయ్. ఇస్త్రీ పెట్టెని చొక్కా మీద తోసినట్టు తోయొద్దు, పెట్టి ఎత్తు, పెట్టి ఎత్తు. తోస్తే చదరం సాగి వంకరవుతుంది.

కాలుమిషన్ (తెనాలి)

అమ్మాయ్, నాకు 34 ఏళ్ళ సర్వీసు. జాకెట్లు, లంగాలు, ఇప్పుడు ఎక్కువగా ఆల్టరేషన్లు. పాత చీరల గురించి నా మాట విను. కట్టిన చీర అంతటా ఒకేలా ఉండదు. కూర్చునే చోట, మోకాళ్ళ దగ్గర, కుచ్చిళ్ళు దోపే చోట నూలు చచ్చిపోయి ఉంటుంది. చీరని కిటికీకి అడ్డం పెట్టి చూడు, వెలుతురు ఎక్కడ ఎక్కువ దిగితే అక్కడ గుడ్డ అయిపోయినట్టే. తర్వాత రెండు బొటనవేళ్ళతో పట్టి లాగు. చిర్రుమందా, ఆ భాగం చదరాలకి పనికిరాదు. పైట కొంగు, లోపలి చెంగు గట్టిగా ఉంటాయి. పదకొండు చీరలున్నా, కోయడానికి పనికొచ్చే గుడ్డ నువ్వనుకున్నంత రాదు.

ఇంకోటి, వెంకటగిరి చీర పల్చన. మెత్తటి గుడ్డని చదరంగా కోస్తే చేతిలోనే మెలికలు తిరుగుతుంది, మిషన్ పళ్ళు లోపలికి లాగేస్తాయి. కోసే ముందు గంజి పెట్టి ఆరేయాలి, లేదా వెనక ఇస్త్రీతో అంటుకునే పల్చటి పేస్టింగ్ గుడ్డ వేయాలి. మొదటిసారికి ఇన్ని తలనొప్పులు దేనికి.

కొత్తసూది

బాబాయ్ గారూ, ఇప్పుడే ఒక చీర కిటికీకి పెట్టి చూశాను. మీరన్నట్టే మధ్యలో ఒక బారెడు మేర దోమతెర లాగా ఉంది. లాగే ధైర్యం చాలలేదు.

పిన్నీ, కుషన్ బాగానే ఉంది. కానీ నిజం చెప్పాలంటే నాకు కుషన్ మీద మనసు లేదు, అమ్మమ్మ చీరల బొంత కావాలి. కుషన్ కుట్టి ఏం చేసుకోను.

జగిత్యాలజామచెట్టు

ఇంతసేపూ అందరూ చదరాలు, వరసలు అంటున్నరు కానీ ఒక్కరు కూడా అడగలేదు, అసలు కొయ్యాల్నా అని. మా దిక్కు బొంత అంటే చీరను కొయ్యనే కొయ్యరు. మా అమ్మ కుట్టిన బొంతల్లో ఒక్కటి కూడా కత్తెర చూడలేదు.

చీర ఐదున్నర మీటర్లు ఉంటది కదా. దాన్ని పొడుగు సగమయ్యేటట్టు మడిచి, మళ్ళీ సగానికి మడిస్తే నాలుగు పొరలైతయి. సుమారు 54 అంగుళాల పొడుగు, చీర పన్నా ఎంతుంటే అంత వెడల్పు. అదే బొంత. పైన, కింద అదే చీర, లోపల కూడా అదే చీర. ఇంకా మందం కావాలంటే చిరిగిన చీర ఇంకొకటి లోపల పరవాలె. దోమతెర లెక్క అయిన భాగం లోపలి పొరల్లోకి పోయేటట్టు మడిస్తే చాలు. చాపమీద పరిచి, అంచులు లోపలికి మలిచి, జానెడు జానెడు దూరంల టాకాలు (పొరలు కదలకుండ పట్టే తాత్కాలిక కుట్లు) వెయ్యాలె. ఆ తర్వాత సూది దారంతోటి సాదా కుట్టు (రన్నింగ్ స్టిచ్), వరసకీ వరసకీ రెండు వేళ్ళ సందు. మిషన్ అక్కర లేదు, స్కేలు అక్కర లేదు, మీ అమ్మ కోపం కూడా అక్కర లేదు.

కొత్తసూది

అక్కా… ఇది నాకు తట్టనే లేదు. చిన్నప్పుడు మేం పడుకున్న బొంతలు ఇలాంటివేనా? అవి కొన్నవనుకునేదాన్ని!

దారపుఉండ (విశాఖ)

ఒక అనుమానం. అది బొంత సరే, క్విల్టింగ్ అవుతుందా? ఆవిడ అడిగింది క్విల్టింగ్‌లో మొదటి ప్రాజెక్ట్. ముక్కలు కలపడం, డిజైన్ రావడం ఉండాలి కదా. లేకపోతే చీర మడిచి కుట్టినట్టే. తప్పుగా అనుకోకండి.

జగిత్యాలజామచెట్టు

చీర మడిచి కుట్టినట్టే. దాన్నే బొంత అంటరు 🙂

ఫ్రిస్కోపిన్ని

దారపుఉండ గారూ, పొరల్ని కలిపి కుట్టడమే క్విల్టింగ్ అండీ. ముక్కలు కలిపి పైపొర తయారు చేయడాన్ని ప్యాచ్‌వర్క్ అంటారు. రెండూ తరచూ కలిసి వస్తాయి కాబట్టి ఒకటే అనుకుంటాం. ముక్కలు లేకుండా ఒకే గుడ్డ మీద కుట్టే క్విల్టులు ఇక్కడా ఉన్నాయి. ఇంకా మీరు పాత బట్టలు, బొంత అని చిన్నచూపు చూస్తున్నారేమో, అలబామాలో గీస్ బెండ్ అనే చోట నల్లజాతి ఆడవాళ్ళు అరిగిపోయిన పని ప్యాంట్లు, చొక్కాలతో కుట్టిన బొంతల్ని 2002లో ఇక్కడ హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకి వేలాడదీసి చూపించారు. 2006లో తపాలా బిళ్ళల మీద వేశారు. మన దగ్గరేమో 'అతుకుల బొంత' అంటే తిట్టు.

బెంగళూరుబాల్కనీ

బొంత, ముక్కలు రెండూ కావాలంటే మధ్యే మార్గం ఒకటుంది. ఇక్కడ కర్ణాటకలో కౌది అంటారు, మహారాష్ట్రలో గోధడి. ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ వాళ్ళు కుట్టేదాన్ని కవంది అంటారు, అది నేను నేర్చుకున్నాను. అడుగున ఒక చీర పరుచుకుని, ఒక మూల నుంచి మొదలుపెట్టి, ముక్క అంచు మడిచి పెట్టడం, దాన్ని అడుగు చీరతో కలిపి కుట్టుకుంటూ పోవడం, పక్కన ఇంకో ముక్క. అంచుల నుంచి చుట్టూ తిరుగుతూ మధ్యకి చేరతారు. ముందు పైపొర తయారు చేసి తర్వాత పొరలు కలిపే రెండు పనులుండవు, ఒకే పని. ముక్కలన్నీ ఒకే కొలతలో ఉండక్కర్లేదు, ఉన్న ముక్క ఎంతుంటే అంత. మూలల్లో చివరికి చిన్న త్రికోణం ముక్కలు మడిచి కుడతారు, అవి లేని బొంత వాళ్ళకి బోసిగా ఉన్నట్టే.

ఒక్క హెచ్చరిక, చేతికుట్టు కాబట్టి బుజం లాగుతుంది. నాకు తువ్వాలంత ముక్కకే నెలన్నర పట్టింది.

ఉప్పల్‌ఉమ్మెత్త

నా మొదటి ప్రాజెక్ట్ కథ చెప్తా వినండి, ఏది కుట్టకూడదో తెలుస్తుంది. అందరూ చిన్నది కుట్టు, చిన్నది కుట్టు అంటే మసిగుడ్డ కుట్టాను. ఎనిమిదంగుళాల చదరం, ఎంతసేపని! జాకెట్ ముక్కలు రెండు రంగులు, మధ్యలో షాపువాడు ఇచ్చిన తెల్లటి వాడింగ్ (దూది లాంటి పొర). చూడ్డానికి ముద్దుగా వచ్చింది, గాజుల సైజులో గుండ్రాలు కూడా కుట్టాను. మొదటిరోజే దాంతో మూకుడు పట్టుకుని దించాను. చెయ్యి చురుక్కుమంది. చూస్తే లోపలి వాడింగ్ అప్పడంలా అణిగిపోయి గట్టిగా అయింది. ఎందుకంటే అది పాలిస్టర్. జాకెట్ ముక్కల్లో ఒకటి కూడా పాలిస్టరే, మూకుడు చెవి ఆనిన చోట మెరుస్తూ ముడుచుకుపోయింది.

వేడి తగిలే వస్తువైతే పైన నూలు, లోపల నూలు. పాత తువ్వాలు రెండు పొరలు పెడితే బంగారం. అంతేగానీ పొయ్యి దగ్గరి వస్తువుతో మొదలుపెట్టకండి అని కూడా అంటాను, కుట్టింది వారానికే నల్లబడితే మళ్ళీ సూది పట్టాలనిపించదు.

దారపుఉండ

నూలో పాలిస్టరో ఎలా తెలుస్తుంది? మా ఇంట్లో పేరంటాలకి వచ్చిన జాకెట్ ముక్కలు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. అవన్నీ వాడెయ్యొచ్చు అనుకున్నా.

కాలుమిషన్

అంచు నుంచి నాలుగు పోగులు తీసి, పటకారుతో పట్టుకుని, సింకు దగ్గర నిలబడి వెలిగించు. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి, మెత్తటి బూడిద రాలుతుంది. పాలిస్టరైతే ముడుచుకుపోయి చివర నల్లటి గట్టి పూస కడుతుంది. కొంచెం బూడిద, కొంచెం పూస అంటే కలనేత. తాంబూలంలో వచ్చే ముక్కల్లో టూ బై టూ రూబియా నూలువి దొరికితే పక్కన పెట్టుకో, ప్రాక్టీసుకి చాలా మంచివి, పోగు బిగువుగా ఉంటుంది, కోస్తే గీత మీదే తెగుతుంది. మిగతావి మళ్ళీ తాంబూలాల్లో తిప్పెయ్, అవి ఎలాగూ ఊరంతా తిరుగుతూనే ఉంటాయి.

ఉప్పల్‌ఉమ్మెత్త

ముందు తడపండి కూడా! ఎర్ర ముక్క పక్కన తెల్ల ముక్క పెట్టి కుట్టి, తర్వాత ఉతికితే ఏమవుతుందో నన్నడగండి. ఇప్పుడు నా దగ్గర గులాబీ రంగు టేబుల్ మ్యాట్లు నాలుగు ఉన్నాయి. తడి గుడ్డ మీద తెల్ల రుమాలు పెట్టి నొక్కితే తెలిసిపోయేది.

కాలుమిషన్

అవును. పాత చీర ఇరవై ఏళ్ళు ఉతికింది కాబట్టి కుదించుకోదు, రంగూ దిగదు. కొత్త జాకెట్ ముక్క కుదించుకుంటుంది. రెండూ పక్కపక్కన కుడితే మొదటి ఉతుకులో కొత్తది లాక్కుని పాతది ముడతలు పడుతుంది. కలపాలంటే కొత్తదాన్ని ముందు రెండుసార్లు తడిపి ఆరేసి ఇస్త్రీ చెయ్యి.

కొత్తసూది

సరే, ఒక నిర్ణయానికి వచ్చాను. కుషన్ కవర్ జాకెట్ ముక్కలతో కుడతాను, చెడిపోయినా బాధ లేదు. అది కుదిరితే మిషన్ మీద ముక్కలు కలపడం వచ్చినట్టు. చీరల్లో ఒక్కటి మాత్రం తీసి, జామచెట్టక్క చెప్పినట్టు కోయకుండా బొంత కుడతాను. డబుల్ కాట్ ఆలోచన మానేశాను. జామచెట్టక్కా, ఒక చీర బొంతకి ఎన్నాళ్ళు పడుతుంది?

లెక్కలమాస్టారు

నేను చెప్తా. చీర పన్నా 45 అంగుళాలు, వరసకీ వరసకీ అంగుళంన్నర సందు అనుకుంటే 30 వరసలు. ఒక్కోటి 54 అంగుళాలు. మొత్తం 1620 అంగుళాలు, అంటే 41 మీటర్ల కుట్టు. కొత్త చెయ్యి కాబట్టి వరసకి 20 నిమిషాలు వేసుకో. పది గంటలు. రోజూ రాత్రి అరగంట కూర్చుంటే 20 రోజులు. సంక్రాంతికి బోలెడు టైముంది.

జగిత్యాలజామచెట్టు

మాస్టారు లెక్క సరిగ్గనే ఉంది కానీ కరెంటు పోయే రోజులు, చుట్టాలొచ్చే రోజులు కలపలేదు. నెల అనుకో.

ఒక్క ముచ్చట మరవకు. మొదటి వరస నడిమిట్ల వెయ్యాలె. అక్కడి నుంచి ఒక వైపు అంచుకు, మళ్ళీ నడిమి నుంచి ఇంకో వైపు. ప్రతి వరసకీ కింద చెయ్యి పెట్టి గుడ్డను బయటికి సాపు చేస్తుండాలె. సిద్దీ వాళ్ళ తీరు వేరు, వాళ్ళు ముక్క ముక్క పెట్టుకుంటూ వస్తరు కాబట్టి అంచు నుంచి లోపలికి రావచ్చు. మనం పెద్ద గుడ్డ ఒక్కసారే పరుస్తం. దారం మూరెడుకన్న పొడుగు తీసుకోకు, చిక్కు పడుతది.

ఫ్రిస్కోపిన్ని

దారం యాంకర్ ఎంబ్రాయిడరీ లడి అయితే ఆరు పోగుల్లో రెండు తీసుకో. మధ్యవేలికి తొడుగు పెట్టుకో తల్లీ, నాలుగు పొరల్లోంచి సూది నెడితే మొదటిరోజే వేలు చిల్లు పడుతుంది.

కొత్తసూది (పది రోజుల తర్వాత)

కుషన్ రిపోర్ట్. రూబియా ముక్కలు పసుపు, ఆకుపచ్చ. కోయడానికి కట్టర్లూ మ్యాట్లూ ఏమీ కొనలేదు, పాప కేకు అడుగున ఇచ్చిన అట్ట ఐదున్నర అంగుళాలకి కోసి దాని చుట్టూ సుద్దతో గీసుకున్నా. తొమ్మిదీ చక్కగా తెగాయి.

కుట్టాక కొలిస్తే పదిహేనున్నర రావాల్సింది సరిగ్గా పదిహేనే వచ్చింది. రెండు మూలలు కలిశాయి, రెండు కలవలేదు. ఒకటి మరీ ఘోరం, ఆకుపచ్చ చదరం మూల పసుపు మధ్యలోకి వెళ్ళి కూర్చుంది. కవర్‌గా కుట్టేసరికి పధ్నాలుగుంపావు అయింది, పదహారు అంగుళాల కుషన్ దూరిస్తే బూరెలా ఉబ్బింది. మిషన్ ఫుట్ (గుడ్డని నొక్కిపట్టే పాదం) అంచు గుడ్డ అంచుకి ఆనించి కుట్టాను కదా, ఎక్కడ పోయింది అర అంగుళం?

కాలుమిషన్

మీ ఫుట్ అంచుకీ సూదికీ మధ్య దూరం కొలిచావా?

కొత్తసూది

ఇప్పుడే కొలిచాను బాబాయ్ గారూ. పావు కాదు. అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు.

లెక్కలమాస్టారు

అదీ సంగతి. రెండు కుట్లు, కుట్టుకి రెండు వైపులా ఎనిమిదో వంతు ఎక్కువ. అర అంగుళం అక్కడే ఉంది, దొంగ దొరికాడు.

ఫ్రిస్కోపిన్ని

ఏం పర్వాలేదు, ఇది నీకు 440 ముక్కల తర్వాత తెలిసుంటే? సూది నుంచి పావు అంగుళం కొలిచి మిషన్ పలక మీద గాయానికి వేసే ప్లాస్టర్ నాలుగైదు పొరలు అతికించు, చిన్న గోడలా. గుడ్డ అంచు ఆ గోడకి ఆనించి పంపు. సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి రెండంగుళాల పట్టీలు మూడు కలిపి కుట్టి, మధ్య పట్టీని కొలువు. ఒకటిన్నర ఉంటే పాస్. మూలలు కలవలేదంటే మడతలు ఎదురెదురుగా పెట్టలేదు కదూ?

కొత్తసూది

మూడు వరసలూ ఒకే వైపుకి ఇస్త్రీ చేశాను పిన్నీ 🙈 మీరు చెప్పింది చదివి మరీ.

దారపుఉండ

నేనూ మొదలుపెట్టా, అదే తొమ్మిది చదరాలు. అంచు పట్టీ కుట్టడం రాక దిండు గలీబు లాగా మంచివైపులు లోపలికి పెట్టి కుట్టి, నాలుగు వేళ్ళ సందు వదిలి తిరగేశాను. ఇది మోసం కిందికి వస్తుందా?

కాలుమిషన్

మొదటిదానికి అదే మంచిది. నాలుగు మూలలూ తిరగేసే ముందు గుడ్డ కొసలు కత్తిరించు, లేకపోతే ముద్ద కడతాయి. కుట్టు తెగకూడదు సుమా.

కొత్తసూది (దాదాపు నెల తర్వాత)

బొంత అయిపోయింది. అయిపోయినట్టే. కానీ ఒక పొరపాటు జరిగింది, జామచెట్టక్క తిడుతుందని మూడ్రోజులుగా రాయలేదు.

మొదట్నుంచీ చెప్తాను. బిస్కెట్ రంగు వెంకటగిరి చీర, మెరూన్ అంచు, మధ్యలో దోమతెర అయినదే. హాల్లో చాపమీద పరిచి అమ్మని పిలవకుండానే టాకాలు వేస్తుంటే ఆవిడే వచ్చి నిలబడింది. "కోయట్లేదా" అంది. లేదన్నాను. ఎదురుగా కూర్చుని, అరిగిన భాగం పైకి వస్తోంది, మడత మార్చమంది. మార్చాం. మర్నాడు రాత్రి నేను ఈ చివర కూర్చుని కుడుతుంటే, ఆవిడ అద్దాలు పెట్టుకుని ఆ చివర సూది తీసుకుంది. నేను అంచు నుంచి, అమ్మ అంచు నుంచి. నడిమి నుంచి మొదలుపెట్టాలని నాకు గుర్తుంది, కానీ ఆవిడ సూది పట్టుకుని కూర్చున్నాక లేమ్మా అవతలికి అని ఎలా అంటాను.

ఇరవై రెండు రాత్రులు. ఆఖరి నాలుగు వరసలకి వచ్చేసరికి గుడ్డంతా మధ్యకి తోసుకొచ్చి అరచేతంత గుబ్బ లేచింది. ఎటు లాగినా పోవట్లేదు, అటూ ఇటూ కుట్లు బిగుసుకుని ఉన్నాయి.

జగిత్యాలజామచెట్టు

తిట్టను. మా అమ్మా అత్తా కలిసి కుట్టిన దాంట్ల కూడా ఇదే గుబ్బ ఉండె. దాని మీద నేను తల పెట్టుకుని పండుకునేది. మీ అమ్మ ఏమన్నది?

కొత్తసూది

కుట్లు విప్పుదాం అన్నాను. ఆవిడ వద్దంది. ఆ గుబ్బని ఒక పక్కకి మడత పెట్టి, "దీని మీద ఒక అతుకు వేస్తే సరి" అని లేచి బీరువా దగ్గరికి వెళ్ళింది. బాగా చిరిగిన ఆకుపచ్చ చీర తీసి, చెంగు దగ్గర జానెడు ముక్క తనే కత్తిరించుకొచ్చింది. నేనేమీ అనలేదు. ఇప్పుడు ఆ ముక్క నా ముందుంది.

ఒక్క సందేహం. ముందు మడత విడిగా కుట్టి తర్వాత అతుకు పెట్టాలా, రెండూ కలిపి ఒకేసారి కుట్టెయ్యాలా?

కాలుమిషన్

ముందు మడతని పడుకోబెట్టి టాకా వేసి, తడి గుడ్డ పరిచి ఇస్త్రీ చెయ్యి. అణుగుతుంది. తర్వాత అతుకు అంచులు లోపలికి మలిచి చుట్టూ చిన్న కుట్టు. మడత లావుగా ఉన్న చోట సూది గుచ్చకు, విరుగుతుంది.

బెంగళూరుబాల్కనీ

అతుకు త్రికోణంగా మడిచి పెట్టండి, బాగుంటుంది.

కొత్తసూది

అమ్మ చదరమే కావాలంటోంది. తన వైపు కుట్లు నావాటికంటే చిన్నవని కూడా మీకు చెప్పమంది, అంగుళానికి ఐదు. నావి మూడు.